ఎవరి బ్యాగు వాళ్లకి

పెట్టె జిప్పు లాగగానే హ్యాండ్‌బ్యాగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ బల్లంతా పరుచుకున్నాయి. రెండు జారి కస్టమ్స్ ఆఫీసరు బూట్ల మీద పడ్డాయి. ఆయన వంగి వాటిని తీసి, మళ్లీ పెట్టెలోకి తొంగిచూశాడు. ఇంకా ఉన్నాయి.

"రెండో పెట్టెలో ఏమున్నాయి?"

"అందులోనూ అవే బాబూ," అంది అత్తగారు నిమ్మళంగా.

వెనకాల, మామగారి పక్కన ట్రాలీ పట్టుకుని నిలబడ్డ కోడలు దాన్ని ఒక అడుగు వెనక్కి లాగింది. అత్తమామలతో టూరుకని విమానం ఎక్కి పరాయి దేశంలో దిగినప్పటినుంచీ ఆమె భయపడుతున్నది దీనికే. టూరు బస్సు మ్యూజియం ముందు ఆగితే అత్తగారు ఎదురు సందులో బ్యాగుల కొట్లోకి దూరేది. ఒక బ్యాగు చేతిలోకి తీసుకుందంటే ఇక ఆవిడకి చుట్టుపక్కల ఏమీ కనబడేది కాదు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, వద్దని ఏ నోటితో చెబుతుంది?

ఆఫీసరు మాటలు నాన్చలేదు. ఇన్ని బ్యాగులు సొంతానికి ఎవరూ తెచ్చుకోరన్నాడు. అమ్మకానికని తేలితే సరుకు జప్తు, పైన జరిమానా, ఆపైన కేసు అన్నాడు. కేసు అన్న మాట చెవిన పడగానే కోడలి కళ్లముందు పోలీసు జీపు, అందులో అత్తగారు, పక్కనే తను, పేపర్లో ఇద్దరి ఫొటోలు, పుట్టింట్లో ఆ పేపరు చదువుతున్న నాన్న, అన్నీ వరసగా కదిలాయి.

"అమ్మకానికి కాదు, చుట్టాలకి," అంది అత్తగారు.

ఇక్కడ నిలబడ్డవాళ్లంతా ఆ మాటే చెబుతారని ఆఫీసరు నవ్వాడు. ఒక బ్యాగు పైకెత్తాడు.

"అయితే ఇది ఎవరికి?"

"మా ఆడపడుచుకి. అరలెక్కువ. తాళాలు ఒకదాంట్లో, మాత్రలు ఒకదాంట్లో దాచుకుని, ఏది ఎక్కడ పెట్టిందో తనే మర్చిపోతుంది."

"ఇది?"

"మా తోడికోడలికి. పైకి ధగధగా మెరవాలి, లోపల ఏమీ పట్టకపోయినా పరవాలేదు. మనిషీ అంతే."

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు ఒక్కొక్కటే తీస్తుంటే ఆవిడ తడుముకోకుండా చెప్పుకుపోయింది. పొడుగు పట్టీది బాబాయి కూతురికి, స్కూటరు మీద తిరుగుతుంది గనక. గళ్లది మేనత్తకి, ఆవిడ సొంతింట్లో కూడా బ్యాగు ఒళ్లో పెట్టుకునే కూర్చుంటుంది. ఇటుకరంగుది చెల్లెలి రెండో కూతురికి, జిప్పు లాగితే గోళ్లు విరుగుతాయని ఏడుస్తుంది, అందుకని బొత్తాం ఉన్నది.

కోడలికి పాత భయం మీద కొత్త భయం వచ్చి కూర్చుంది. ఇంతమందా? పెళ్లి హడావిడిలో ఎవరు ఎవరో తెలియనేలేదు. రేపు వీళ్లందరి ఇళ్లకీ తనే వెళ్లాలి. ఒకరిది ఇంకొకరి చేతిలో పెట్టిందంటే ఈ జన్మంతా మాట పడక తప్పదు. ఆడపడుచు, అరలు. తోడికోడలు, మెరుపు. మేనత్త, గళ్లు. ఎక్కం వల్లె వేసినట్టు లోలోపల అనుకుంటూనే ఉంది.

ఆఫీసరు ఊరికే వదిలే రకం కాదు. మధ్యలో మొదటి బ్యాగు మళ్లీ తీశాడు, ఎప్పుడో అయిపోయిన గళ్లది మళ్లీ చూపించాడు. ఆవిడ పొల్లుపోకుండా అదే చెప్పింది. ఆయన మామగారి వైపు తిరిగి, నిజంగా ఇంతమంది ఉన్నారా అని నిలదీశాడు.

మామగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆవిడ చెబుతుంటే నేనూ వింటున్నాను బాబూ," అన్నాడు.

వరసలోని మగవాళ్లందరూ ఆయన్ని జాలిగా చూశారు.

ఆఫీసరు చూపు కోడలి మీద ఆగింది. అత్తగారిని నోరు విప్పొద్దని సైగచేసి, ఇటుకరంగు బ్యాగు ఎత్తాడు.

"నువ్వు చెప్పమ్మా. ఇది ఎవరికి?"

కోడలు ట్రాలీ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. అత్తగారు మొదటిసారిగా మెడలోని గొలుసు గట్టిగా పట్టుకుంది.

"చిన్నత్తయ్యగారి రెండో అమ్మాయికి," అంది కోడలు సన్నగా. "జిప్పు లాగితే గోళ్లు విరుగుతాయి కదండీ, అందుకని బొత్తాం ఉన్నది."

అత్తగారికి చెల్లెలు, కోడలికి చిన్నత్తయ్య. వరస సరిగ్గా కుదిరింది. ఆఫీసరు ఇంకేదో అనబోయాడుగాని కోడలు ఆగితేగా? ఆ పక్కది ఫలానా వాళ్లకి, దాని కిందది ఫలానా వాళ్లకి అంటూ ఆయన అడగనివి కూడా తనే తీసి చూపించింది. గొంతు పెరిగింది. భయం ఎటు పోయిందో ఆమెకే తెలియదు. బల్ల ఖాళీ అయ్యేసరికి ఆఫీసరు రెండు చేతులూ ఎత్తేశాడు.

"చాలు తల్లీ, వెళ్లండి. మా ఇంట్లోనూ ఇంతమంది ఉన్నారు. అందుకే నేను ఏ దేశమూ వెళ్లను."

మూత పడకపోతే పెట్టె మీద మోకాలు పెట్టి నొక్కి, తనే జిప్పు వేసి పంపించాడు.

అద్దం తలుపులు తెరుచుకున్నాయి. అత్తగారు ముందు, పట్టాభిషేకానికి వెళ్తున్నట్టు. వెనక తలెత్తుకుని ట్రాలీ తోస్తూ కోడలు. చివర మామగారు. బయటికొచ్చాక అత్తగారు ఆగి, కోడలి బుగ్గలు పుణికి, నువ్వు నా పరువు నిలబెట్టావంది. కోడలికి ఆనందంతో కళ్లు చెమర్చాయి. అంతలోనే బెంగ పట్టుకుంది.

"అత్తయ్యా, మరి రేపు ముందు ఎవరింటికి వెళ్దాం? చిన్నత్తయ్యగారింటికేనా? ముందు ఎవరికిచ్చినా మిగతావాళ్లకి కోపం వస్తుందేమో."

అత్తగారు ట్రాలీ మీది పెట్టెని పసిపిల్లని నిమిరినట్టు నిమిరింది.

"ఏ ఇంటికీ వెళ్లేది లేదే పిచ్చిపిల్లా. మా పుట్టింట్లో నేనొక్కదాన్నే, వాళ్లింట్లో మీ మామయ్య ఒక్కరే. నేను చెప్పినవాళ్లెవరూ లేరు. అవన్నీ నాకే."