ఉంగరపు వేలి సమ్మె

రాజ్యశ్రీ కుడిచేతి ఉంగరపు వేలు సమ్మెకు దిగింది. ముడిస్తే తెరుచుకోదు. రెండో చేత్తో లాగితే ‘టక్’మని లేస్తుంది.

జగ్గయ్యపేట నుంచి నందిగామ డాక్టరు దగ్గరికి మొగుడు నవీన్‌బాబే తీసుకొచ్చాడు. వేలు ఆవిడదైనా, దాని తరఫు వకాల్తా మాత్రం ఆయనదే.

“ట్రిగ్గర్ ఫింగరమ్మా. వేలిని లాగే నరం వాచి, దాని దారిలోనే ఇరుక్కుంటోంది. దేన్నయినా బిగించి పట్టుకుంటుంటావా?” అడిగాడు డాక్టరు.

“బట్టలు పిండుద్దండి,” అన్నాడు నవీన్‌బాబు.

“ఆవిణ్ణి చెప్పనివ్వండి.”

“కొబ్బరి కూడా కోరుద్దండి!”

భార్య కష్టం ఇంత క్షుణ్ణంగా తెలిసిన మొగుణ్ణి డాక్టరు ఈ మధ్య చూడలేదు. ఇంజక్షన్ తెమ్మని ఆయన్ని కింద మెడికల్ షాపుకు పంపాడు.

“ఇంజక్షనేసి పట్టీ కడతానమ్మా. కొన్ని వారాలు ఆ చేత్తో దేన్నీ గట్టిగా పట్టుకోకూడదు. తగ్గిపోద్ది.”

రాజ్యశ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“పట్టీ వద్దండి. మా గది తలుపు గడియ ఆయన ఊడబీకేశారండి. తాగొచ్చినప్పుడు లోపలికి రాకుండా పిడి పట్టుకుని నిలబడాలి. ఎడం చేత్తో ఆగదండి. ఓసారి చూశా.”