రింగుకు తగిలిన చప్పుడు

వనపర్తి కాలేజీ మైదానంలో చీకటి పడ్డాక కూడా రెఫరీ జబీన్, రోజాకు షాట్ క్లాక్, అంటే బంతి వేయడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం, నడపడం నేర్పుతూనే ఉంది. రేపటి బాస్కెట్‌బాల్ పోటీల్లో ఆ గడియారం మీట నొక్కాల్సింది రోజాయే. ఆమెకు ఇదే మొదటిసారి.

"ఏసిన బంతి రింగుకు తగిలి మళ్ల ఆ టీముకే దొరికితే, మీట నొక్కి మళ్ల పద్నాలుగు సెకన్లు పెట్టాలె. తగలకపోతే గడియారం ముట్టొద్దు."

జబీన్ బంతి విసిరింది. అది రింగుకు జానెడు దూరంలో పోయింది. అయినా రోజా మీట నొక్కింది.

"తగల్లే కదా, ఎందుకు నొక్కినవ్?"

"చప్పుడు ఇనబడ్డది మేడం."

జబీన్ బంతి తెచ్చుకుంది. ఈసారి విసిరినట్టు చేతులెత్తింది కానీ వదల్లేదు. మైదానం అవతలి కొసన, లైటు లేని చోట, ఇనుప రింగు టంగుమని మోగింది.

రోజా మీట నొక్కింది. "గిప్పుడైతే తగిలింది కదా మేడం?" అంది, గడియారం మీది నుంచి చూపు తిప్పకుండానే.

వాళ్ల దగ్గర ఉన్నది ఒకటే బంతి. అది జబీన్ చేతుల్లోనే ఉంది.

"తగిలింది బిడ్డా," అంది మెల్లగా. "లే, ఇంటికి పోదాం."

అవతల రింగుకు తగిలిన బంతేదో ఆ చీకట్లో కింద పడుతుందేమోనని జబీన్ చెవులు రిక్కించి నిలబడింది. ఎంతసేపటికీ పడలేదు.