పిల్లల సీటు

ఆ స్వీడన్ కారులో వెనక సీటుకే పిల్లల కోసం ఎత్తు మెత్త ఒకటి అమర్చి ఉంది. లాగితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది. ఆ కారుని పాత బండిగా కొనుక్కున్న లెక్చరరమ్మ గొడవంతా ఆ మెత్తతోనే.

"ఎన్నిసార్లు నొక్కినా పొద్దున్నకి లేచే ఉంటోంది బాబూ. మా ఇంట్లో పిల్లలే లేరు," అందావిడ.

"స్ప్రింగు పోయుంటుంది మేడమ్. పీకేస్తే పీడా విరగడైపోతుంది," అన్నాడు మెకానిక్. అన్నట్టే దాన్ని ఊడదీసి మామూలు సీటు బిగించాడు.

చీకటి పడ్డాక బండిని అప్పగించడానికి ఒక్కడే బయల్దేరాడు. ఊరి బయట రోడ్డు నిర్మానుష్యంగా ఉంది. వెనక సీటు కిర్రుమంది. ఎవరో తమ చోటు కోసం తడుముకుంటున్నట్టు మళ్లీ కిర్రుమని, ఆగిపోయింది.

కాసేపటికి అతని పక్క సీటు కొద్దిగా కుంగింది. బెల్టు పెట్టుకోలేదని బండి కీమని మొత్తుకోవడం మొదలెట్టింది.

అతను రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. పక్కన బెల్టు మెల్లగా బయటికి సాగింది. బిగించాల్సిన చోటుకి బెత్తెడు దూరంలో ఆగి వణికింది. పొట్టి చేతులకి అందడం లేదు.

కూతురికి బెల్టు పెట్టనిదే ఏనాడూ బండి కదిలించని మనిషి. అలవాటు కొద్దీ ఎడం చెయ్యి చాచి, దాన్ని లాగి టక్కున బిగించేశాడు.

మోత ఆగింది. చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. అతని చూపుడు వేలిని ఎవరో గుప్పిట్లో పట్టుకున్నారు.