వెళ్ళొస్తాం

మా బండికి స్టీరింగు లేదు. ఈ రోజుల్లో ఎవరి బండికీ లేదు. నోటితో చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. అదే చిక్కు.

మారేడుమిల్లి కొండల్లో బొంగు చికెన్ తిని బండెక్కుతూ, మా అత్తగారు వరహాలమ్మ వండిపెట్టినావిడతో "వెళ్ళొస్తామమ్మా" అంది. రెండు మలుపులు దిగాక బండి గిర్రున వెనక్కి తిరిగి, మళ్ళీ ఆ పాక ముందే ఆగింది.

"వెళ్ళాం, వచ్చాం" అంది బండి.

"మళ్ళీ! మళ్ళీ!" అని పిల్లలు సీట్ల మీద గంతులేశారు. జలపాతం దగ్గర టీకొట్టులోనూ అదే మాట, అదే తిరుగుడు.

"అత్తయ్యా, వెళ్తాం అనండి చాలు. లంకకి ఆఖరి పంటు నాలుగింటికే. అది తప్పితే గోదారి దాటలేం, మీ చెల్లెల్ని చూడలేం."

"వెళ్తాం అని ఎవరన్నా అంటారుటే? అపశకునం! నా నోట రాదు."

అక్కణ్ణుంచి నోరు మూసుకుని అందరికీ చెయ్యే ఊపింది. పంటు కదులుతుండగా ఎక్కాం.

లంకలో అక్కాచెల్లెళ్ళు తొమ్మిదేళ్ళ కబుర్లు పనసతొనలతో కలిపి తిన్నారు. బండి సంగతి విని చెల్లెలు పొలమారేలా నవ్వింది.

మర్నాడు బయల్దేరేటప్పుడు ఇద్దరూ చేతులే ఊపుకున్నారు. బండి కదిలింది. కొబ్బరితోట దాకా అత్తయ్య ఊరుకుంది. ఉన్నట్టుండి కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినేలా అరిచింది.

"వెళ్ళొస్తామే చెల్లాయ్!"

బండి గిర్రున తిరిగింది. పిల్లలు కేరింతలు కొట్టారు.

మేం వెళ్ళేసరికి చెల్లెలు అరుగు మీద రెండో పనసకాయ కోస్తోంది.