పధ్నాలుగు సెకన్లు

“లెక్కల తాత మళ్ళీ వచ్చాడండీ!” అన్నాడు మేస్త్రీ, కేబుల్ గొయ్యి పూడుస్తూనే.

ఇంజనీరమ్మ తలెత్తి చూసింది. నిన్నటి ముసలాయనే. చేతిలో కర్ర, చొక్కా జేబులో మడత పెట్టిన కాయితం.

ఆ కూడలిలో కొత్త సిగ్నల్ పని మొత్తం ఆమెదే. సొంతంగా చేస్తున్న మొదటి పని. శుక్రవారం అప్పగించాలి. తల గోక్కునే తీరిక కూడా లేదు.

ముసలాయన జీబ్రా గీతల అంచున నిలబడ్డాడు. పరీక్షకని వెలిగించిన పచ్చ మనిషి బొమ్మ కనబడగానే రోడ్డు మీదికి దిగి, పైకే లెక్కపెడుతూ నడిచాడు.

పధ్నాలుగు అనేసరికి ఎరుపు పడింది. ఆయనింకా నడిరోడ్డులోనే ఉన్నాడు. ఇంకా బండ్లు వదల్లేదు కాబట్టి సరిపోయింది.

అవతలికి చేరి, మళ్ళీ తిరిగొచ్చి, ఆమె దగ్గర ఆగాడు.

“నాకు ఇరవై రెండు పడుతోందమ్మా.”

“పడితే నేనేం చెయ్యను తాతగారూ? మీ ఒక్కరి కోసం సిగ్నల్ మార్చమంటారా?”

“నా ఒక్కడి కోసం కాదమ్మా. ఎదురుగా ఆస్పత్రి ఉంది కదా.”

“కాంట్రాక్టులో ఏముంటే అదే చేస్తాం.”

“కాంట్రాక్టు మొదటి పేజీలు చదివావా తల్లీ?”

గొయ్యిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు ఒళ్ళు మండింది.

మూడొందల పేజీల కాంట్రాక్టు అది. మొదటి ఇరవై పేజీలూ మాటల అర్థాలే. స్తంభం అంటే ఫలానా, కేబుల్ అంటే ఫలానా. స్తంభమంటే ఏమిటో తెలియకుండానే ఇంజనీరునయ్యానా అనుకుని ఆమె వాటి జోలికే పోలేదు. పచ్చదీపం ఎన్ని సెకన్లో రాయాల్సిన ‘నడక పరీక్ష’ అన్న గడిలో, ఎవరినీ నడిపించి చూడకుండానే, పధ్నాలుగు అన్న అంకెను వేరే కూడలి పాత కాయితం చూసి దించేసింది.

అందరూ చేసేది అదే.

“నాకు చదువు చెప్పడానికొచ్చారా?”

“అయ్యో, కాదమ్మా. ఇది కాస్త...” అంటూ ఆయన జేబులోంచి కాయితం తీశాడు.

“అర్జీలన్నీ ఆఫీసులో ఇచ్చుకోండి.”

“అర్జీ కాదు తల్లీ...”

“ఏదైతే నాకెందుకండీ? పని జరుగుతోంది, పక్కకి జరగండి.”

ఆయన కాయితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

“ఇరవై రెండు పెడతావు కదమ్మా?”

“పెడతాను లెండి, వెళ్ళండి!”

వదిలించుకోవడానికి అన్న మాట అది. ఆయన నిజమనుకుని తల ఊపాడు.

శుక్రవారం పెద్ద ఇంజనీరు వచ్చి, పేజీ తిప్పకుండానే అప్పగింత కాయితం మీద సంతకం పెట్టాడు. బండ్లు వదిలారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పచ్చ బొమ్మ వెలిగింది. ఎప్పుడొచ్చాడో, తాత రోడ్డు మీదికి దిగాడు. దిగుతూ ఆమె వైపు చూసి చెయ్యి ఊపాడు.

‘ఆగండి’ అని అరవాలనుకుంది. అరిస్తే పధ్నాలుగు చాలదని పెద్ద ఇంజనీరు ముందు ఒప్పుకున్నట్టే. అరవకుండా మనసులోనే లెక్కపెట్టింది.

పన్నెండు. పదమూడు. పధ్నాలుగు.

పచ్చ పడిన వైపు నుంచి దూసుకొచ్చిన స్కూటరువాడు బ్రేకు వేశాడు గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది. ఇక నడక కష్టమేనన్నారు ఆస్పత్రి నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు. స్ట్రెచరు మీద పడుకోబెడుతుంటే ఆయన తడుముకుని జేబులోని కాయితం తీసి ఆమెకిచ్చాడు.

“ఇప్పుడైనా తీసుకో తల్లీ.”

ఆ గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. సిగ్గుతో తలెత్తి ఆయన మొహం చూడలేకపోయింది.

కంట్రోల్ బాక్సు పక్కన కూలబడి మడత విప్పింది. పైన తమ ఆఫీసు ముద్ర. కింద, సైటు ఇంజనీరుకి అంటూ నాలుగే పంక్తులు.

“కాంట్రాక్టు నిర్వచనాల ప్రకారం, ఈ కూడలికి ‘పాదచారి’ అంటే ఈ ఉత్తరం తెచ్చిన పెద్దాయన. రోడ్డు దాటడానికి ఆయనకు ఎన్ని సెకన్లు పడితే అన్ని సెకన్లూ పచ్చదీపం వెలగాలి.”