అయ్యగారికి కుర్చీ

ఆటో ఇంకా ఆగనే లేదు, ఢిల్లీబాబు దండ పట్టుకుని పరిగెత్తాడు.

ముందు దిగినాయన తెల్లజుట్టు, నిలువెత్తు మనిషి. ఇంకేం చూస్తాడు, దండ ఆయన మెడలో వేసేశాడు.

వెనక దిగిన ఆవిడ కుచ్చిళ్ళు సర్దుకుంటూ నవ్వింది.

"అయ్యగారూ, అమ్మగారూ, రండి. తమరి కోసమే సూత్తన్నాం," అన్నాడు.

కాకినాడ నుంచి మిషనరీ దంపతులు వస్తున్నారని నెల రోజులుగా ఊరంతా చాటాడు అతను. కవిటి దగ్గరి కొబ్బరితోటలో వారం రోజుల యౌవనస్థుల క్యాంపు. పొద్దున్న సేవ, సాయంత్రం సందేశం. భారమంతా ఢిల్లీబాబు నెత్తినే ఉంది.

సంఘపెద్ద వైకుంఠరావు ముందే చెప్పేశాడు. "కిందటేడు సగంలోనే పిల్లలంతా పారిపోనారు. ఈపాలీ అలాగే అయితే ఇంక కేంపూ లేదు, గీంపూ లేదు. ఆ రేకులషెడ్డు జీడిపిక్కలోలికి ఇచ్చీత్తాను."

"అలాగవదు మావా. వచ్చేది శానా పెద్ద మిషనరీ అట."

అయ్యగారి పేరు జ్ఞానరత్నం. ఆయన్ని షామియానా కింద ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మగారు కమలమ్మని, మర్యాదగానే, వంటపాకలోకి తీసుకెళ్ళి పీట వేశారు. అయ్యగార్లకి కుర్చీ, అమ్మగార్లకి పీట. ఆ సంఘంలో తాతలనాటి నుంచి అదే పద్ధతి. ఇందులో ఒకరిని అడిగే పనేముంది?

మొదటి సాయంత్రం మైకు చేతికిస్తే జ్ఞానరత్నం బిక్కమొహం వేశాడు.

"మా ఆవిణ్ణి పిలవండి. ఆవిడ లేకపోతే నాకు మాట పెగలదు," అన్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. ఈ వయసులోనూ ఎంత ప్రేమో అని ముసలమ్మలు మురిసిపోయారు. ఎవరూ కదల్లేదు.

ఆయన గొంతు సవరించుకుని, "మలుపు దగ్గర హారన్ కొట్టాలి," అన్నాడు. కాసేపాగి, "పల్లంలో బండి న్యూట్రల్ చేయకూడదు," అన్నాడు. తర్వాత కూర్చున్నాడు.

"ఎంత లోతు మాట," అన్నాడు వైకుంఠరావు కళ్ళు తుడుచుకుంటూ. "పల్లమంటే పాపమే కదేటి."

మర్నాటి సందేశం టైర్లలో గాలి గురించి. "గాలంటే ఆత్మరా," అని పక్కవాడికి విడమరిచాడు వైకుంఠరావు.

పిల్లలకి మాత్రం అంత లోతు అందలేదు. ఒకడు నీళ్ళకని లేచాడు. ఒకతె కంట్లో నలుసు పడిందంటూ లేచింది. ఆ మర్నాటికి చాపల మీద పెద్దవాళ్ళే మిగిలారు.

ఢిల్లీబాబుకి షెడ్డు నిండా జీడిపిక్కలు కళ్ళకి కట్టాయి.

వెతుక్కుంటూ వెళితే వంటపాకలో దొరికారు, అందరూ. చేతులకి నూనె రాసుకుని పనసకాయ చుట్టూ చేరారు. మధ్యలో కమలమ్మ.

"జ్వరం తగ్గి లేచిన ముసలమ్మ, వచ్చినవాళ్ళందరికీ వడ్డించిందని బైబిల్లో రాశారు. ఏం వడ్డించిందో మాత్రం రాయలేదు," అంటోంది.

"ఎందుకు రాయలేదు అమ్మగారూ?" అంది దుర్గ. సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళ పిల్ల.

"రాసినవాళ్ళు తిన్నవాళ్ళు కదమ్మా, వండినవాళ్ళు కాదు."

పిల్లలు విరగబడి నవ్వారు.

"సేపల పులుసే అయ్యుంటాది," అన్నాడొకడు.

"జొరం నుండి అప్పుడే లేచిన మనిసి అంత పని ఎలాగ సేసుంటాది?" అంది దుర్గ.

"మీ ఊళ్ళో డయాలసిస్ చేయించుకొచ్చి పొయ్యి వెలిగించేవాళ్ళు లేరా?" అంది కమలమ్మ.



"మా అమ్మ," అంది దుర్గ మెల్లగా.

ఢిల్లీబాబుకి అవేవీ తలకెక్కలేదు. వాడి బాధ వాడిది.

"అమ్మగారూ, ఇలాగ కబుర్లాడి కుర్రోల్ని పాడుసేత్తే ఎలాగండి? అక్కడ అయ్యగారి సందేశం నడుత్తంది. మీరు వంట సూసుకోండి సాలు."

కమలమ్మ ఏదో అనబోయింది. షామియానా కింద మెడలో దండతో, చేతిలో మైకుతో చెమటలు కక్కుతున్న భర్త వైపు చూసి ఊరుకుంది.

"తప్పయింది బాబూ," అంది. "వెళ్ళండర్రా, వెళ్ళి కూర్చోండి."

మర్నాడు తెల్లవారేసరికి పిల్లలు కనబడలేదు. పారిపోయారనుకుని ఢిల్లీబాబు తల పట్టుకున్నాడు.

తీరా చూస్తే ఊళ్ళో ఉన్నారు. ఒంట్లో బాగులేనివాళ్ళ ఇళ్ళకి మంచినీళ్ళ క్యాన్లు మోస్తున్నారు. పొయ్యిలు వెలిగిస్తున్నారు. దుర్గ వాళ్ళమ్మ మంచం మీద కూర్చుని, మగపిల్లలు మాడ్చిన అన్నం చూసి పడీ పడీ నవ్వుతోంది.

మిగిలిన రోజులన్నీ అదే వరస. సాయంత్రాలు బుద్ధిగా కూర్చుని బ్రేకుల గురించీ విన్నారు. ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు.

"సూశావా అయ్యగారి వాక్కు మహిమ," అన్నాడు వైకుంఠరావు. "ఏటేటా కేంపు ఎట్టుకో. షెడ్డు నీదే."

ఆఖరిరోజు అయ్యగారికి శాలువా కప్పారు. అమ్మగారికి ఒక పనసపండు ఇచ్చారు.

ఆటో కదులుతుంటే పిల్లలు కమలమ్మ చెయ్యి వదలకుండా ఏడ్చారు. వండిపెట్టిన చెయ్యి కదా అనుకున్నాడు ఢిల్లీబాబు.

ఆ సంతోషంలోనే కాకినాడ మిషను ఆఫీసుకి ఫోను చేశాడు.

"వచ్చే ఏడు కూడా మాకు అయ్యగారినే పంపించండి బాబూ."

"వచ్చే ఏడు లేదండి. వాళ్ళకి ఇదే ఆఖరి క్యాంపు, ఇంక ఇంటిపట్టునే ఉంటామన్నారు," అన్నాడు అవతలి గుమస్తా. "అయినా అయ్యగారిని పంపమంటారేమిటి? ఆయన బస్సు డ్రైవరుగా రిటైరై, పాపం, సంచులు మోయడానికి తోడు వెళ్తున్నారంతే. ముప్పై ఏళ్ళుగా మా మిషనరీ కమలమ్మగారే కదండీ."