తువ్వాలు చేయి మారే చోటు

"ఈ ఏడు కూడా వాడి పక్కనే పడితే నేను గుడికి రాను సారూ," అన్నాడు శౌరయ్య.

తిరువూరు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే జయకర్ తలెత్తాడు.

"వాడంటే మీ తమ్ముడేగా?"

"తమ్ముడనకండి. అమ్మ పెట్టె మూసినోడు."

తల్లి పోయిన రోజు శౌరయ్య ఎక్కిన బస్సు ఎ.కొండూరు దగ్గర చెడిపోయింది. తమ్ముడు ఏసోబు ఆగలేదు. అన్న వచ్చేలోగా శవపెట్టె మూయించాడు. కడసారి ముఖం చూడలేకపోయిన శౌరయ్య మళ్లీ తమ్ముడితో మాట్లాడలేదు.

ఏసు శిష్యుల కాళ్లు కడిగినందుకు గుర్తుగా ఏటా పవిత్ర గురువారం నాడు ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. కుర్చీలన్నీ ఒకే వరస. ఎవరెక్కడ కూర్చోవాలో చీటీలు తేలుస్తాయి. కాళ్లు తుడుచుకున్నాక తువ్వాలును పక్కవాడి చేతికివ్వడం ఆ గుడి ఆనవాయితీ. వరసగా మూడేళ్లు అన్నదమ్ములకు పక్కపక్క కుర్చీలే వచ్చాయి.

"మీ ఇద్దర్నీ ఆ తువ్వాలుతో కలిపి కట్టేశామనుకోండి," అన్నాడు జయకర్.

"లెక్కల్లో కూడా ఒప్పుకోను."

"అనుకోండి చాలు. పన్నెండు మంది కాస్తా పదకొండు అవుతారు. మీరిద్దరూ అటూ ఇటూ మారొచ్చు, కాబట్టి రెండింతలు. మొత్తం వరసల్లో అది ఆరో వంతు. ఒక ఏడాదైతే సరే. వరసగా మూడేళ్లంటే రెండు వందల పదహారింట ఒక్కసారి."

"అంటే మోసమే."

జయకర్ సాయంత్రం, గుడిలో ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి జోజప్పను అడిగాడు. ముసలాయన దాచలేదు.

"చీటీలు పంచేది నేనే కదండీ. మాటల్లేకపోయినా, తువ్వాలన్నా చేయి మారుతుందని."

జయకర్‌కు ఆయన మీద గౌరవం పెరిగింది. తాను వేసిన లెక్క ఆ మోసం ముందు చిన్నదనిపించింది. అయినా మళ్లీ మోసం జరగనివ్వనని శౌరయ్యకు మాటిచ్చాడు. ఈసారి చీటీలు తనే వేశాడు. స్టీలు గిన్నెలో వేసి కలిపి, ఎవరిది వాళ్లనే తీసుకోమన్నాడు.

శౌరయ్యకు మూడు వచ్చింది. నాలుగు దేవానందానికి. ఏసోబుకు తొమ్మిది. పది ప్రేమ్ కిరణ్‌కు.

"ఇదీ న్యాయమంటే," అన్నాడు శౌరయ్య, అందరికీ వినబడేలా.

"పీడా పోయింది," అన్నాడు ఏసోబు, అంతకంటే గట్టిగా.

జోజప్ప ఖాళీ గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

గురువారం సాయంత్రం జయకర్ కాస్త ఆలస్యంగా గుడికి వచ్చాడు. పన్నెండు మందీ కూర్చుని ఉన్నారు. పదో కుర్చీలో శౌరయ్య తల వంచుకుని కనిపించాడు. మూడో కుర్చీలో ప్రేమ్ కిరణ్ ఉన్నాడు.

జయకర్ వెనక నుంచి వంగి అతని చెవిలో అడిగాడు. "నీది పది కదా?"

"శౌరయ్య బాబాయి చీటీ మార్చుకున్నాడు సార్. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

జయకర్‌ తొమ్మిదో కుర్చీ వైపు చూశాడు. అందులో దేవానందం కూర్చుని ఉన్నాడు.

ఏసోబు నాలుగో కుర్చీలో ఉన్నాడు.